భ్రూమధ్యమున మహాలింగధ్యానము – బిగువు లేని చూపు

ఇష్టలింగపూజ ముగించి లేచినవాని నొసలు చూచినచో అతడు కూర్చున్న తీరు కొంతవరకు తెలిసిపోవును. త్రిపుండ్రము చక్కగా ఆరి నిలిచి, నొసలు తేటగా నున్నచో పూజ నెమ్మదిగా సాగినదని భావింపవచ్చును. విభూతి పొరలుగా పగిలి, కనుబొమల నడుమ నిలువుగా రెండు ముడుతలు మిగిలి, కన్నులు ఎఱ్ఱబారి యున్నచో ఆ భక్తుడు లింగమును చూచుటకంటె తన కనుబొమలతో పోరాడుటకే ఎక్కువ కాలము వెచ్చించినాడని చెప్పవలసి యుండును. ఈ రెండవ స్థితి యువకులయందు తరచుగా కనబడుచున్నది.

దీనికి కారణము వారి భక్తిలోపము కాదు. చక్రములను గూర్చియు, మూడవ కంటిని గూర్చియు చెప్పెడి మాటలు నేడు నలుదెసల వినబడుచున్నవి. "కనుగ్రుడ్లను పైకి త్రిప్పి కనుబొమల నడుమకు గురిపెట్టుము, శ్వాసను నిలుపుము, వెలుగు కనబడువరకు విడువకుము" అను తీరున ఉపదేశించువారు కలరు. ఉత్సాహవంతుడైన యువకుడు దానిని ఇంటి పూజాపీఠము కడకు తెచ్చుకొనును. పదిదినములు ప్రయత్నించును. వెలుగు కనబడదు, తలనొప్పి మాత్రము వచ్చును. పిదప "ఇది నాకు అబ్బునది కాదు" అని లేచిపోవును. అట్లు లేచిపోవునపుడు అతడు విడుచునది ఎక్కడనో విన్న అభ్యాసమును మాత్రమే కాదు. గురువు కరమున నుంచిన లింగమును, తల్లిదండ్రులు బాల్యమునుండి నేర్పిన పూజను గూడ దానితోపాటు విడుచుచున్నాడు. తలనొప్పి నాలుగు దినములలో తగ్గును గాని విడిచిన లింగపూజ ఇంటికి తిరిగి వచ్చుట కష్టము. కావున ఆజ్ఞాచక్రధ్యానమును గూర్చి శరణుల మార్గమున ఏమి చెప్పబడినదో, దేహధర్మమేమి చెప్పుచున్నదో రెండును కలిపి విచారించుట అవసరము.

ఆజ్ఞాచక్రము భ్రూమధ్యమున నున్న రెండు దళముల పద్మమని తంత్రగ్రంథములు చెప్పుచున్నవి. హం, క్షం అనునవి దాని దళాక్షరములు. ప్రణవము దాని బీజము. మనస్సునకు అది స్థానము. క్రీ.శ. 1577లో వంగదేశీయుడైన పూర్ణానందయతి రచించిన షట్చక్రనిరూపణమున ఈ వర్ణన విపులముగా నున్నది. ఆజ్ఞ యనగా ఆనతి. గురుని ఆనతి శిష్యుని చేరు చోటు గనుక దానికి ఆ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. పేరునందే ఒక సూచన కలదు. ఆనతిని వినవలెను గాని బలవంతముగా లాగుకొనరాదు.

వీరశైవ షట్స్థలసిద్ధాంతము ఈ ఆరు చక్రములను ఆరు లింగములతో ముడివేసినది. ఆధారమున ఆచారలింగము, స్వాధిష్ఠానమున గురులింగము, మణిపూరకమున శివలింగము, అనాహతమున జంగమలింగము, విశుద్ధియందు ప్రసాదలింగము, ఆజ్ఞయందు మహాలింగము. వీనికి వరుసగా భక్త, మహేశ్వర, ప్రసాది, ప్రాణలింగి, శరణ, ఐక్య స్థలములు. ఓం నమశ్శివాయ అను షడక్షరియందు నకారము ఆచారలింగమునకును, తక్కిన అక్షరములు ఆ వరుసనే తక్కిన లింగములకును చెందును. చివరకు ఓంకారము మహాలింగమునకు చెందును. దీనినిబట్టి ఒక విషయము స్పష్టమగుచున్నది. ఆజ్ఞాచక్రము ఈ వరుసలో ఆరవది. మొదటిది ఆచారము. కాయకము చేయక, దాసోహము తలపక, నోటిమాటను అదుపున నుంచుకొనక ఆరవ మెట్టుపైకి ఎగురబోవువాడు కాలు బెణికించుకొనక తప్పదు. అయినను ఐదు స్థలములు పూర్తియగువరకు భ్రూమధ్యమును తలపనేరాదని దీని భావము కాదు. ఒక్కొక్క స్థలమునందును తక్కిన స్థలములు ఇమిడియున్నవని శాస్త్రమే చెప్పుచున్నది. తలపవచ్చును, తొందరపడరాదు.

ఇంతకంటె ముఖ్యమైన సూక్ష్మమొకటి కలదు. మగ్గెయ మాయిదేవుడు అనుభవసూత్రమున వివరించిన క్రమమున ఇష్టలింగమునుండి ఆచార, గురులింగములును, ప్రాణలింగమునుండి శివ, జంగమలింగములును, భావలింగమునుండి ప్రసాద, మహాలింగములును ఏర్పడినవి. అనగా మహాలింగము భావలింగమునకు చెందినది. దానిని చేర్చునది భావమే గాని కండరము కాదు. మఱియు ఆరు లింగములకు ఆరు ముఖములు, ఆరు అర్పణములు చెప్పబడినవి. ఆచారలింగమునకు ముక్కు, గంధము. గురులింగమునకు నాలుక, రసము. శివలింగమునకు కన్ను, రూపము. జంగమలింగమునకు చర్మము, స్పర్శము. ప్రసాదలింగమునకు చెవి, శబ్దము. మహాలింగమునకు హృదయము, తృప్తి. కన్ను శివలింగమునకు ముఖము, మహాలింగమునకు కాదు. అట్లుండగా ఆజ్ఞయందలి మహాలింగమును కనుగ్రుడ్లు త్రిప్పి చూడబోవుట ఒకరికి చెందిన అర్పణమును వేఱొకరి ముందు ఉంచుట వంటిది. మహాలింగము కోరునది తృప్తి. కనుబొమలు ముడిచి, పండ్లు బిగించి, "ఇంకను కనబడలేదే" అని వగచువానియందు లేనిది సరిగా అదియే.

ఇక దేహధర్మము. కన్నులు రెండును ముక్కుదెసకు వంగి, మఱల పైకి లేచునట్లు చేయుట వానికి సహజమైన నిలుకడ కాదు. ప్రతి కంటిని త్రిప్పుటకు ఆరు చిన్న కండరములు గలవు. అందు లోపలి దెసకు లాగునవి, పైకి లేపునవి ఏకముగా బిగిసి చాలసేపు నిలిచినచో అవి అలయును. వానితోపాటు నొసటి కండరములు ముడుచుకొనును, దవడ బిగియును, మెడ వెనుక నరములు పట్టినట్లగును. ఇట్లు పుట్టిన బరువును, నొప్పిని "చక్రము మేల్కొనుచున్నది" అని భ్రమించువారు లేకపోలేదు. అది మేల్కొనుట కాదు, అలసట. రెప్ప వేయక చూచుటయు ఇట్టిదే. మనుజుడు సామాన్యముగా నిమిషమునకు సుమారు 15 మార్లు రెప్ప వేయును. ఒక్కొక్క మారును కంటిపై సన్నని తడిపొర పరచుకొనును. రెప్పను బలిమిని ఆపినచో ఆ పొర ఆరిపోయి కంటిలో మంట పుట్టును. హఠయోగప్రదీపికయందు స్వాత్మారాముడు కన్నీరు వచ్చువరకు చూచెడి త్రాటకమును చెప్పినమాట నిజమే. కాని ఆయన దానిని శుద్ధిక్రియలైన షట్కర్మములలో చేర్చెను గాని ధ్యానమని చెప్పలేదు. లింగదృష్టికి ఆ నియమమును తెచ్చిపెట్టుట, ఇల్లు కడుగు చీపురుతో పీఠమును అలంకరింప బూనుట వంటిది.

"మరి అనిమిషదృష్టి మాట యేమి?" అని ఇక్కడ ఒక ప్రశ్న పుట్టును. ఆ ప్రశ్న న్యాయమైనదే. అల్లమప్రభువు గురుడైన అనిమిషయ్య పేరే రెప్పపాటు లేనివాడని అర్థము నిచ్చుచున్నది. హరిహరకవి ప్రభుదేవుని రగడయందు ఆ వృత్తాంతమును చెప్పినాడు. ప్రియురాలైన కామలత మరణింపగా అల్లముడు దుఃఖముతో తిరుగుచు, ఒకచోట కూర్చుండి కాలిగోటితో నేలను గీచుచుండెను. మట్టిలో బంగారు కలశము మెఱసెను. త్రవ్వింపగా ఒక దేవాలయము బయల్పడెను. తలుపు తెరచి లోనికి పోగా అచట అనిమిషయ్య కరతలమున లింగము నుంచుకొని దానియందే చూపు నిలిపి కూర్చుండి యుండెను. ఆ లింగము ఆయన చేతినుండి అల్లముని చేతికి చేరెను. అల్లముడు అప్పటినుండి ప్రభుదేవుడయ్యెను.

ఈ కథను చదివి రెప్పలను వ్రేళ్లతో పట్టి నిలుపవలెనని తలచువాడు కథలో సగమే చదివినవాడు. అనిమిషయ్య భూమిలో పూడిపోయిన గుడిలో నుండెను. పైన కాలము గడచినది, మట్టి పేరుకొన్నది, ఆయన ఎఱుగడు. అట్టివానికి రెప్ప నిలుపవలెనను తలంపు ఎక్కడిది? రెప్పను ఆయన ఆపలేదు. రెప్పయే ఆయనను మఱచిపోయినది. నిద్రించు బిడ్డను చూచు తల్లి కొంతసేపు రెప్పవేయుట మఱచును. అందులో ఆమె ప్రయత్న మేమియు లేదు. అనిమిషత్వము ఫలము; దానినే సాధనముగా పట్టుకొన్నచో ఫలమును పిందెలోనే నులిమినట్లగును. అల్లముడు ఆ గుడిలోనికి వచ్చినది యోగసిద్ధిని వెదకుచు కాదనుటయు గమనింపదగినది. వాని చేయి ఖాళీగా నుండెను. లింగము వచ్చి చేరెను.

సొన్నలిగె సిద్ధరామయ్య కథ ఇంకొక వైపును చూపును. నేటి షోలాపురమే ఆనాటి సొన్నలిగె. అచట చెఱువు త్రవ్వించి, గుడులు కట్టించిన కర్మయోగి యాయన, అంతర్యోగమునందును నిలిచినవాడు. శూన్యసంపాదనమున ప్రభుదేవుడు ఆయనను కల్యాణమునకు తోడ్కొని వచ్చుటయు, లోపల లింగము నెఱిగినవానికి వెలుపలి లింగమేల అను విచారము అనుభవమంటపమున నడచుటయు, కడపట చెన్నబసవణ్ణ సిద్ధరామయ్యకు ఇష్టలింగదీక్ష నొసగుటయు వర్ణింపబడినవి. అంతటి యోగికే కరతలమున ఆధారము అవసరమైనది. కొత్తగా కూర్చున్నవాడు ఆ ఆధారమును ప్రక్కకు నెట్టి, కనులు మూసి, శూన్యమున భ్రూమధ్యమును వెదకబోవుటవలననే పెనుగులాట పుట్టుచున్నది. చేతిలో వస్తువుండగా చూపు దానిపై వాలి విశ్రమించును. ఏమియు లేనిచోట చూపు తానే తన్ను పట్టుకొనబోయి బిగియును. ఇష్టలింగము భక్తునకు విధింపబడిన నిర్బంధము కాదు. అతని కంటికి ఈయబడిన విశ్రాంతిస్థానము.

ఇప్పుడు అభ్యాసక్రమమును చూతము. కడుపు నిండుగా నున్నపుడు కూర్చుండరాదు. ఆకలితో నకనకలాడుచు కూర్చుండుటయు మంచిది కాదు. ఆసనము పలుచనిదైనను నడుము నిలుచునట్టి దగుట చాలును. మోకాళ్లు నొచ్చువారు పీటపైనను కుర్చీపైనను కూర్చుండవచ్చును. ఆసనము సిద్ధించుటకు ప్రయత్నము సడలుటయే ఉపాయమని పతంజలియే చెప్పియున్నాడు. విభూతి ధరించునపుడు తొందర కూడదు. నొసట మూడు వ్రేళ్లు ఒరయుచు పోవునపుడు కలుగు చల్లదనమును ఒక్క క్షణము గమనింపవలెను. ఈ గమనిక తరువాత మిక్కిలి ఉపయోగపడును.

దీపమును కన్నులకు ఎదురుగా నుంచినచో దాని వెలుగు కంటిని గ్రుచ్చును. వెనుకగా, కొంచెము ప్రక్కగా నుంచినచో ఆ వెలుగు ఇష్టలింగముపైనున్న నల్లని పూతమీద పడి చిన్న చుక్కవలె ప్రతిఫలించును. ఎడమ అరచేతిలో లింగమును నిలిపి, చేతిని ఱొమ్ముకు ఎదురుగా హాయిగా నుంచవలెను. భుజము పైకి లేచి బిగిసినచో చేయి ఎత్తు ఎక్కువైనదని గ్రహింపవలెను. మోచేతి క్రింద చిన్న ఆనుకోలు పెట్టుకొన్నను దోషము లేదు. కన్నులకును లింగమునకును నడుమ దూరము ఎంత యనునది ఒక్కొక్కరి చూపును బట్టి యుండును. నలువది యేండ్లు దాటి చత్వారము వచ్చినవారికి దగ్గరి వస్తువు మసకగా తోచును. వారు చేతిని కొంచెము దూరముగా జరుపుకొనవలెను, లేదా కళ్లజోడు పెట్టుకొనవలెను. పూజలో కళ్లజోడు ధరించుట అపచారమని సంకోచించు వృద్ధులు కొందరు కలరు. మసకను చీల్చుకొని చూడబోయి నొసలు ముడుచుకొనుటకంటె అద్దములలోనుండి తేటగా చూచుట వేయిమడుగులు మేలు.

చూపు ఆ వెలుగుచుక్కపై వాలవలెను, గ్రుచ్చుకొనరాదు. సీతాకోకచిలుక పువ్వుపై వాలినట్లు అని చెప్పవచ్చును. రెప్పలు సగము వాలియున్నచో మంచిది. రెప్ప పడినపుడు పడనిండు. ఊపిరిని నిలుపవలదు; అది వచ్చినపుడు వచ్చును, పోయినపుడు పోవును. దానితో షడక్షరిని మెల్లగా మనసున కలుపవలెను. లెక్కపై ధ్యాస పెట్టినచో మనస్సు వ్యాపారమున పడును గనుక, జపసంఖ్యను నియమించుకొన్నవారు ఆ జపమును వేఱుగా ముగించుకొని దీనికి కూర్చుండుట ఉచితము.

కొంతసేపటికి కన్నులు తమంత తామే మూసికొనగోరును. మూసికొననిండు. ఇక్కడనే చాలమంది పొరబడుచున్నారు. కన్నులు మూసినంతనే కనుగ్రుడ్లను పైకి త్రిప్పుదురు. అట్లు చేయరాదు. రెప్పల క్రింద కన్నులు లింగమును చూచునట్లే క్రిందుగా, సూటిగా, సడలి యుండవలెను. భ్రూమధ్యమును తెలిసికొనుటకు చూపుతో పనిలేదు. నొసట ఆరిన విభూతి ఉన్నది. దాని స్పర్శ ఉన్నది. ధరించునపుడు గమనించిన ఆ చల్లదనమును తలచుకొన్నచాలును, చోటు తెలియును. ప్రక్కగదిలో బిడ్డ నిద్రించుచున్నదని తల్లికి ఎట్లు తెలిసియుండునో, చూడకయే, లేచిపోకయే, అట్లే భ్రూమధ్యము తెలిసియుండవలెను. అచట ఓంకారమును అనుకొని, అనుకొనుటయు నెమ్మదిగా పలుచనగునట్లు చేసి ఊరకుండవలెను. మనస్సు చెదరినచో దానిని కసరవలదు. కన్ను తెరచి కరతలమందలి లింగమును మరల చూడవలెను. ఆధారము అక్కడనే యున్నది గదా. నొసలు బిగిసినట్లు తోచినచో పెదవులను కొంచెము విడదీసి, దవడను జారవిడిచినంతనే నొసలు కూడ సడలును. ఇది చాల చిన్న ఉపాయము. కాని మిక్కిలి ప్రయోజనకరము.

మొదట ఐదు నిమిషములు చాలును. మాసము గడచిన పిదప పది చేయవచ్చును. నెలకొకనాడు గంటసేపు కూర్చుండుటకంటె నిత్యము ఐదు నిమిషములు కూర్చుండుట మేలని వేఱుగా చెప్పనక్కరలేదు.

వెలుగులను గూర్చి ఒక మాట. నల్లని లింగమును కొంతసేపు చూచి కన్నులు మూసినపుడుగాని, తెల్లని గోడవైపు చూపు త్రిప్పినపుడుగాని, ఆ ఆకారమే లేతవెలుగుగా ఎదుట నిలుచును. ఇది కంటికి సహజమైన ధర్మము. ఒకే రూపమును చాలసేపు చూచిన కంటిలో ఆ భాగము అలసి, ఆ అలసటయే వ్యతిరేకవర్ణముగా తోచును. నల్లని గుండీని చూచినను ఇట్లే యగును. దీనిని చూచి మూడవ కన్ను తెరచుకొన్నదని సంతోషించువారును, అది కనబడనందులకు దుఃఖించువారును ఇద్దరును దారి తప్పినవారే. శివుని ఫాలనేత్రము తెరచుకొన్నపుడు దగ్ధమైనది కాముడు. వెలుగులు చూడవలెననెడి కామమును వెంటబెట్టుకొని ఆ నేత్రము ముందు నిలుచుటలోని వింతను పెద్దలు నవ్వుచు చెప్పుచుందురు.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల వృత్తాంతము దాసోహమునకు దృష్టాంతముగా చెప్పబడుచుండును గాని అది ఇక్కడను అన్వయించును. మారయ్య బసవణ్ణ ప్రాంగణమున రాలిన బియ్యమును ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు అలవాటుకంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ దానిని చూచి, ఇది మన కాయకపు కొలత కాదు, ఆశపు కొలత. అచటనే పోసి రమ్మని పంపెను. ఆ అధికపు బియ్యము దొంగిలినది కాదు, చెడ్డది కాదు. మారయ్యది కాదు, అంతే. ధ్యానమునందును నేటి కూర్పునకు వచ్చిన నెమ్మది ఎంతయో అంతయే నేటి బియ్యము. నిన్నటి అనుభవమును మరల రప్పింపబోవుటయు, ఎవరో చెప్పిన అనుభవమును తనకు తెచ్చుకొనబోవుటయు ఎక్కువ ఏరుకొనుటయే. మారయ్య ఆ బియ్యమును తిరిగి పోసి వచ్చినాడు. ధ్యానము చేయువాడు నొసటి బిగువును అట్లే పోసి రావలెను.

శరీరమున కొన్ని లోపములున్నవారు జాగ్రత్త వహింపవలెను. నీటికాసుల వ్యాధి గలవారును, శుక్లమునకు శస్త్రచికిత్స జరిగి కొలదికాలమే యైనవారును, తరచుగా ఒంటికణత నొప్పి వచ్చువారును, మూర్ఛవ్యాధి గలవారును దృష్టి నిలుపు అభ్యాసమునకు ముందు వైద్యుని అడుగుట మంచిది. వారు లింగమును అరచేత నుంచుకొని, కన్నులు మూసి, స్పర్శమాత్రముతో పూజింపవచ్చును. స్పర్శము జంగమలింగమునకు అర్పణమని పైన చెప్పబడినది గదా. అందు కొఱత యేమియు లేదు. కూర్చున్న పిదప గంట గడచినను నొప్పి తగ్గకున్నను, చూపు మసకబారినను, రాత్రులు నిద్ర పట్టకున్నను అభ్యాసమును ఆపి దీక్షాగురువును, అవసరమైనచో వైద్యుని, కలిసికొనవలెను. ఇట్టి బాధను ఓర్చుకొనుట తపస్సని ఎవరు చెప్పినను నమ్మరాదు.

పిల్లల విషయము వేఱు. ఎనిమిదేండ్ల ప్రాయమున దీక్ష పొందిన బిడ్డకు చక్రముల పేర్లు చెప్పుట తొందరపాటు. విభూతి ధరించుట, లింగమును జాగ్రత్తగా చేతిలో నుంచుకొనుట, మంత్రమును తప్పులేక పలుకుట, ఇంతవరకు చాలును. బిడ్డ పూజనుండి లేచినపుడు "ఏమి కనబడినది?" అని అడుగు తల్లిదండ్రులు ఆ బిడ్డచేత తెలియకయే కల్లలాడించుచున్నారు. ఏమియు కనబడలేదని చెప్పుటకు బిడ్డ జంకును, కనబడినదని కల్పించును, ఆ కల్పనను నిలుపుకొనుటకు మరునాడు కన్నులు బిగించును. ఆ ప్రశ్నకు మారుగా "నొసలు నొచ్చినదా, చేయి నొచ్చినదా?" అని అడిగినచో బిడ్డ నిజము చెప్పును. నొచ్చినదన్నచో మరునాడు చేతిక్రింద మెత్తని గుడ్డ నొకదానిని మడచి పెట్టి, కూర్చుండు కాలమును రెండు నిమిషములు తగ్గింపవలెను. నొవ్వలేదన్నచో లింగమును సజ్జలో పదిలముగా నుంచనేర్పి, ప్రసాదము చేతికిచ్చి, బడికి పంపవచ్చును.